ఎవరి పాపం వల్ల? పసిపిల్లల విరేచనాల వెనుక దొరికిన వైరస్

చంటిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్లలో మందుకంటే ముందు కారణం వచ్చేస్తుంది. పళ్లొస్తున్నాయి, అందుకే అంటుంది అమ్మమ్మ. నిన్న పెళ్లికి ఎత్తుకెళ్లారు కదా, దిష్టి తగిలింది అంటుంది పక్కింటావిడ. తల్లి ఆవకాయ తిన్నది, పాలు వేడి చేశాయి అని ఆడపడుచు తేల్చేస్తుంది. విశ్వాసుల ఇళ్లలో దిష్టి మాట పైకి రాదు గాని, దాని చోట ఇంకో మాట వస్తుంది: ఈ ఇంట్లో కుటుంబ ప్రార్థన తగ్గింది, దేవుడు గద్దిస్తున్నాడు అని. ఎవరు ఏ మాట అన్నా చివరికి వచ్చి పడేది తల్లి నెత్తిమీదే. రాత్రంతా బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్న ఆమెకు తెల్లవారేసరికి ఈ నింద కూడా మోయాల్సి వస్తుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇలాంటి ప్రశ్నే. తప్పు ఇతనిదా, కన్నవాళ్లదా అని. ప్రభువు రెండూ కాదన్నాడు. తర్వాత ఆ మనిషికి కావలసిన మేలు చేశాడు. ఆ వాక్యం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని ఒళ్లు కాలుతున్న బిడ్డ ఎదురుగా ఉన్నప్పుడు మన నోట వచ్చేది మాత్రం శిష్యుల ప్రశ్నే.

పసిపిల్లల విరేచనాల విషయంలో నిజమైన జవాబు దొరికి యాభై ఏళ్లు దాటింది. అది ఎలా దొరికిందో, దొరికాక ఏం జరిగిందో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఆ కథలో మనకు బాగా పరిచయమైన వేలూరు ఆసుపత్రి ఉంది, హైదరాబాదు కూడా ఉంది.

1960ల్లో ఏ దేశంలోనైనా పిల్లల ఆసుపత్రిలో విరేచనాల వార్డు ఖాళీగా ఉండేది కాదు. బిడ్డ మలాన్ని ప్రయోగశాలకు పంపితే కొందరిలో షిగెల్లా, సాల్మొనెల్లా, కొన్ని రకాల ఈ-కోలై వంటి బాక్టీరియా దొరికేవి. ఎక్కువమందిలో ఏమీ దొరికేది కాదు. బాక్టీరియా కాకపోతే వైరస్ అయ్యుండాలి అని వైద్యులు ఊహించారు గాని చూపించలేకపోయారు. వైరస్‌ను పట్టుకోవాలంటే అప్పట్లో దాన్ని గాజుసీసాలో పెంచిన జీవకణాల మీద బతికించాలి. ఈ వైరస్ అలా బతకడానికి ఒప్పుకోలేదు. అందుకే కేసు కాగితం మీద 'బాక్టీరియా వల్ల వచ్చినది కాదు' అని రాసేవారు. కారణం మాకు తెలియదు అనే మాటకు అది మర్యాదైన రూపం.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రాయల్ చిల్డ్రన్స్ హాస్పిటల్ అనే పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసే సూక్ష్మజీవ శాస్త్రవేత్త రూత్ బిషప్. (బిషప్ అనేది ఆమె ఇంటిపేరు మాత్రమే, సంఘ పదవి కాదు.) ఆమె పిల్లల పేగుల్లో ఉండే బాక్టీరియా మీద పరిశోధన చేస్తుండేది. మలంలో ఏమీ కనబడనప్పుడు అసలు దెబ్బ తిన్న చోటునే ఎందుకు చూడకూడదు అన్నది ఆ బృందం ఆలోచన. వైద్యుడు జెఫ్రీ డేవిడ్‌సన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పనిలో ఆరితేరిన ఇయాన్ హోమ్స్, బ్రయన్ రక్ ఆమెతో చేతులు కలిపారు. జబ్బుగా ఉన్న పిల్లల నోటి గుండా సన్నని గొట్టం దింపి చిన్నపేగు మొదటి భాగం నుండి చిటికెడు కూడా లేని ముక్క తీశారు. దాన్ని పల్చగా, చాలా పల్చగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారు.

పేగు గోడ కణాల లోపల గుండ్రని వైరస్ కణాలు గుంపులు గుంపులుగా కనబడ్డాయి. ఒక్కొక్కటీ ఎంత చిన్నదంటే, ఒక మిల్లీమీటరు పొడవున వరుసగా పేర్చాలంటే పద్నాలుగు వేలదాకా పడతాయి. చూసిన తొమ్మిదిమంది పిల్లల్లో ఆరుగురిలో అవి ఉన్నాయి. బిడ్డ కోలుకున్నాక తీసిన ముక్కల్లో అవి లేవు. 1973 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి.

కనబడినంత మాత్రాన అదే కారణం అనడానికి లేదు. దొంగతనం జరిగిన వీధిలో ఒక మనిషి కనబడితే అతనే దొంగ అనం కదా. అయితే ఒక్క ఏడాదిలోనే ఇంగ్లాండు, కెనడా, అమెరికాల్లో పరిశోధకులు అవే కణాలను చూశారు. ఈసారి పేగు గిల్లాల్సిన పని కూడా లేకపోయింది. జబ్బుపడ్డ పిల్లల మలంలోనే అవి లెక్కలేనన్ని ఉన్నాయని తేలింది. ఎక్కడ వెదకాలో తెలియక ఇన్నాళ్లూ పారబోసిన దానిలోనే జవాబు ఉంది! బర్మింగ్‌హామ్‌లో థామస్ ఫ్లూయెట్ అనే శాస్త్రవేత్తకు ఆ కణాలు ఆకులున్న బండి చక్రంలా కనిపించాయి. లాటిన్ భాషలో చక్రాన్ని రోటా అంటారు. అలా దానికి రోటావైరస్ అనే పేరు నిలిచింది. లేగదూడలకు వచ్చే పారుడుకు ఇలాంటి వైరసే కారణమని అమెరికాలోని నెబ్రాస్కాలో పశువైద్యులు 1969లోనే చెప్పి ఉన్నారు. దూడల జబ్బు గురించి రాసింది పిల్లల వైద్యులు చదవరు కాబట్టి ఆ రెండు సంగతులు కలవడానికి నాలుగేళ్లు పట్టింది.

మన దేశం ఈ వరుసలో వెనకబడలేదు. 1974లోనే, మెల్‌బోర్న్ బృందంలోని ఇయాన్ హోమ్స్‌తో కలిసి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు భారతీయ పిల్లల్లోనూ ఇవే కణాలు ఉన్నాయని లాన్సెట్‌లో తెలియజేశారు. చిత్తూరు, తిరుపతి వైపువాళ్లకు వేలూరు గురించి చెప్పనక్కరలేదు. కోస్తా నుండి, రాయలసీమ నుండి రైలెక్కి వెళ్లి అక్కడ వైద్యం చేయించుకొచ్చిన కుటుంబాలు మన ప్రతి సంఘంలోనూ ఉంటాయి. ఆ ఆసుపత్రి గురించి మనం చెప్పుకునేది ఐడా స్కడ్డర్ గారి సాక్ష్యం: స్త్రీ వైద్యురాలు లేక ఒకే రాత్రి ముగ్గురు తల్లులు చనిపోవడం చూసి ఆమె వైద్యం చదివి తిరిగొచ్చిన సంగతి. అది చెప్పుకోవలసిందే. కాని ఆ ఆవరణలోనే సూక్ష్మదర్శినుల ముందు, ఫ్రిజ్‌ల ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్ల పని కూడా ఆ పరిచర్యలో భాగమే. వాళ్ల గురించి మన మందిరాల్లో ఎవరూ సాక్ష్యం చెప్పరు.

ఇంతకీ ఈ వైరస్ ఏం చేస్తుంది? చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. వెలుపల కంటికి మెత్తని తువ్వాలులా ఉంటుంది. దగ్గరగా చూస్తే లక్షల సంఖ్యలో సన్నని వేళ్ల వంటి మొలకలు. తిన్నదాన్నీ తాగినదాన్నీ పీల్చుకునేది ఆ వేళ్ల కొనలే. రోటావైరస్ సరిగ్గా ఆ కొనల్లోని కణాల్లోకి దూరి వాటిని చంపుతుంది. పైగా అది తయారుచేసే ఒక ప్రోటీను విషంలా పనిచేసి పేగులోకి నీటిని వదిలిస్తుంది. పీల్చుకోవాల్సిన గోడ పీల్చుకోదు, పైనుంచి నీరు కారుతుంది. వైరస్ ఒంట్లో చేరిన రెండు రోజులకు మొదట వాంతులు, జ్వరం, ఆ తర్వాత నీళ్లలాంటి విరేచనాలు మొదలవుతాయి. మూడు రోజుల నుండి ఎనిమిది రోజుల దాకా సాగుతాయి. పాలలోని చక్కెరను అరిగించే శక్తి కూడా ఆ కొనల్లోనే ఉంటుంది కాబట్టి కొందరు పిల్లలకు కొన్నాళ్లు పోతపాలు పడవు. తల్లి పాలు మాత్రం ఆపకూడదు. అవి కొంత అరగకపోయినా ఇచ్చే మేలే ఎక్కువ.

వైరస్ బిడ్డను నేరుగా చంపదు. ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడం చంపుతుంది. మాడు లోపలికి పోతుంది, కళ్లు గుంటలు పడతాయి, ఏడిస్తే కన్నీరు రాదు, ఆరు గంటలైనా ఉచ్చ పోయదు. ఆరు కిలోల బిడ్డ ఒంట్లోంచి అర లీటరు నీరు పోతే మిగిలేదెంత?

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. టీకా రాకముందు ప్రపంచంలో పుట్టిన దాదాపు ప్రతి బిడ్డకూ ఐదేళ్లు నిండేలోగా ఈ వైరస్ ఒక్కసారైనా సోకింది. మెల్‌బోర్న్‌లో సోకింది, న్యూయార్క్‌లో సోకింది, మన పాలెంలోనూ సోకింది. కలరా, టైఫాయిడ్ మంచినీటి కుళాయి రాగానే తగ్గిపోయాయి, ఇది తగ్గలేదు. పది నుండి వంద కణాలు నోట్లోకి వెళ్తే చాలు, జబ్బు చేస్తుంది. జబ్బుపడ్డ బిడ్డ ఒక్క గ్రాము మలంలో వేలకోట్ల కణాలుంటాయి. బొమ్మల మీద, తలుపు గడియ మీద రోజుల తరబడి, ఎత్తుకున్నవాళ్ల చేతుల మీద గంటల తరబడి బతికుంటాయి. ఎంత శుభ్రంగా ఉన్న తల్లి అయినా దీన్ని గుమ్మం బయట పూర్తిగా ఆపలేదు. చేతులు కడుక్కోవడం వృథా అని కాదు. ఇతర క్రిములను అది ఆపుతుంది, తప్పకుండా కడుక్కోవాలి. కాని బిడ్డకు ఈ జబ్బు వచ్చిందంటే తల్లి మురికిది అనడానికీ, తిన్నది పడలేదనడానికీ, ప్రార్థన చేయలేదనడానికీ ఎక్కడా ఆధారం లేదు. పళ్ల సంగతి కూడా అంతే. పళ్లొచ్చే వయసూ ఈ వైరస్ సోకే వయసూ ఒకటే కావడంతో లోకమంతా మోసపోయింది.

సోకడంలో తేడా లేదు. చావడంలో ఉంది. అక్కడ రాత్రికి రాత్రే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇక్కడ తెల్లవారేదాకా ఆటో దొరకలేదు. టీకాలు వ్యాపించకముందు 2008లో ఈ ఒక్క వైరస్ వల్ల ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు నాలుగున్నర లక్షలమంది చనిపోయారని అంచనా. మన దేశంలో ఏటా సుమారు 78 వేలమంది పిల్లలు చనిపోతున్నారనీ, 8 లక్షల 70 వేలమంది ఆసుపత్రిలో చేరుతున్నారనీ వేలూరు పరిశోధకులు లెక్కగట్టారు. విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన ప్రతి పదిమంది పిల్లల్లో నలుగురికి కారణం ఇదే.

వైరస్‌ను చంపే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. కాని పోయిన నీటిని తిరిగి ఇచ్చే ఉపాయం ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కొలత ప్రకారం నీళ్లలో కలిపి తాగించే ఏర్పాటు చేశారు. నూటికి ముప్పైమంది చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగు కంటే తక్కువకు పడిపోయాయి. పేగు ఎంత దెబ్బ తిన్నా గ్లూకోజూ ఉప్పూ కలిసి వస్తే లోపలికి రానిచ్చే ఒక ద్వారం తెరిచే ఉంటుంది. వాటి వెంట నీరూ వెళ్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనకున్న రహస్యం అంతే. మంచినీళ్లు ఒక్కటే పోస్తే ఆ ద్వారం అంతగా తెరుచుకోదు. చక్కెర మరీ ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. అందుకే కూల్‌డ్రింకు, డబ్బా పళ్లరసం పనికిరావు. ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పెద్దగా అచ్చేసి తియ్యటి పానీయాలు అమ్మడం మన మెడికల్ షాపుల్లో ఏళ్లపాటు సాగింది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆమె కన్నీళ్లతో ఆ కబురు చెప్పిన వీడియో చాలామంది చూసే ఉంటారు.

ఓఆర్‌ఎస్ ప్రాణం కాపాడుతుంది, జబ్బును ఆపదు. వాంతులు ఆగని బిడ్డకు తాగించడం కష్టం. అందుకే టీకా కోసం వెదుకులాట మొదలైంది. అక్కడ ఒక కష్టమైన అధ్యాయం ఉంది.

1998లో అమెరికాలో రోటాషీల్డ్ అనే మొదటి టీకాకు అనుమతి వచ్చింది. ఏడాది తిరక్కముందే కొందరు పిల్లలకు పేగులో పేగు చొచ్చుకుపోయే ప్రమాదం కనబడింది. సుమారు పదివేలమందిలో ఒకరికి. 1999లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో ఈ వైరస్‌తో చనిపోయే పిల్లలు ఏటా కొద్దిమందే. ఆ లెక్కలో చూస్తే ఆ నిర్ణయం సబబే. కాని అక్కడ వద్దన్న టీకాను ఇక్కడ వాడడానికి ఏ పేద దేశ ప్రభుత్వమూ సాహసించలేదు. మన దగ్గర పదివేలమంది పిల్లల్లో ఈ జబ్బుతో చనిపోయేవాళ్లు పదులమంది. తర్వాతి టీకాలు, రోటారిక్స్, రోటాటెక్, వచ్చేసరికి 2006 అయింది. ఒక్కొక్కదాన్నీ అరవై వేలకు పైగా పిల్లల మీద పరీక్షించి, పేగు ప్రమాదం అంతగా లేదని తేల్చాకే వదిలారు. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. మధ్యలో పోయిన ఆ ఏడేళ్లలో పేద దేశాల్లో పోయిన పిల్లల్ని తలుచుకుంటే మాత్రం ఎవరికి జవాబు చెప్పాలో తెలియదు. సంపన్న దేశం తన బిడ్డలకోసం చేసుకున్న లెక్క పేద దేశానికి కూడా లెక్క అయిపోవడం న్యాయమా అన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

మన సొంత టీకా మొదలు ఒక ఆశ్చర్యం దగ్గర ఉంది. మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం ఇంకో సంగతి గమనించింది. ఆసుపత్రి నర్సరీలో పుట్టగానే రోటావైరస్ సోకిన శిశువులు చాలామందికి జబ్బే చేయలేదు. వాళ్లను మూడేళ్లు వెంబడించి చూస్తే, తర్వాత వైరస్ మళ్లీ సోకినా తీవ్రమైన విరేచనాలు రాలేదు. 1983లో దీన్ని ప్రకటించారు. ఇంచుమించు అదే కాలంలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందం కూడా నవజాత శిశువుల్లో అలాంటి వైరస్‌నే చూసింది. పిల్లల్లో వైరస్ ఉంది, జబ్బు లేదు; ఆ తర్వాత రక్షణ ఉంది. అలాంటి ఒక శిశువు నుండి తీసిన వైరస్‌కు 116ఈ అని గుర్తు పెట్టారు. పరిశీలిస్తే అది మనుషుల వైరసే గాని అందులో ఒక భాగం ఆవుల వైరస్ నుండి వచ్చి కలిసింది. మనిషి చేసిన కలయిక కాదు, ఎక్కడో తనంతట తాను జరిగిపోయింది.

ఆ ఒక్క నమూనా టీకా కావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, అమెరికా శాస్త్రవేత్తలు, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాదులోని భారత్ బయోటెక్ కలిసి పనిచేశాయి. డోసు ఒక డాలరుకు మించకుండా ఇస్తామని కంపెనీ ముందే మాట ఇచ్చింది. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799మంది శిశువుల మీద చివరి పరీక్ష జరిగింది. ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి మందు లేని చుక్కలు. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. అందులో పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులు ఎక్కువగా పేదలే. ఇవాళ మన పిల్లలకు పడే చుక్కల వెనుక ఆ ఇళ్ల నమ్మకం ఉంది.

2013లో ఫలితం వచ్చింది: మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను ఈ టీకా నూటికి 56 మేరకు ఆపింది. సంపన్న దేశాల్లో విదేశీ టీకాలు నూటికి 85కు పైగా ఆపుతున్నాయి కదా, ఇదేమిటి అనిపిస్తుంది. దీనికి జవాబులో పెద్ద భాగం వేలూరులో దొరికింది. డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ నాయకత్వంలోని బృందం వేలూరు బస్తీల్లో 373మంది పిల్లల్ని పుట్టినప్పటి నుండి మూడేళ్లు ఇంటింటికీ వెళ్లి గమనించింది. విరేచనాలైనా కాకపోయినా క్రమం తప్పకుండా మలం నమూనా తీసుకుని పరీక్షించింది. వినడానికి బాగుండదు గాని విజ్ఞానం ముందుకు నడిచింది అలాంటి డబ్బాల మీదే. మెక్సికోలో అంతకుముందు జరిగిన ఇలాంటి అధ్యయనంలో రెండుసార్లు వైరస్ సోకిన బిడ్డకు ఇక తీవ్రమైన జబ్బు రాలేదు. వేలూరులో మూడుసార్లు సోకాక కూడా రక్షణ నూటికి 79 మాత్రమే. సగానికి పైగా పిల్లలకు ఆరు నెలలు నిండేలోగానే సోకేసింది. అంటే మన బస్తీలో వైరస్ ముందుగా వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది, దేహం నేర్చుకునేది నెమ్మదిగా. అసలు జబ్బే పూర్తి రక్షణ ఇవ్వలేని చోట ఏ టీకా అయినా ఇస్తుందా? విదేశీ టీకాలు కూడా పేద దేశాల్లో ఇలాగే సగానికి దిగాయి. అయినా జబ్బు ఎక్కువగా ఉన్న చోట సగం ఆపినా దక్కే ప్రాణాలు చాలా ఎక్కువ. 2019లో కాంగ్ గారు లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయ మహిళ అయ్యారు.

రోటావాక్ అనే ఈ టీకాను 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదట నాలుగు రాష్ట్రాల్లో ప్రవేశపెట్టారు. హిమాచల్‌ప్రదేశ్, హర్యానా, ఒడిశాలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ ఆ నాలుగింటిలో ఒకటి. 2019 నాటికి రోటావైరస్ టీకా తెలంగాణతో సహా దేశమంతటికీ చేరింది. పేగు చొచ్చుకుపోయే ప్రమాదం మన టీకాతో పెరుగుతుందేమో అని దేశంలోని ఆసుపత్రుల్లో ప్రత్యేకంగా గమనించారు. పెరగలేదని తేలి 2020లో ప్రకటించారు. టీకా వచ్చాక విరేచనాలతో ఆసుపత్రిలో చేరే పిల్లల్లో రోటావైరస్ వాటా పదిమందిలో నలుగురి నుండి ఇద్దరికి తగ్గింది.

చుక్కలు వేయించినా మా వాడికి విరేచనాలయ్యాయి కదా అని అడిగే తల్లులున్నారు. నిజమే. ఈ చుక్కలు ఒక్క రోటావైరస్ కోసమే. నోరోవైరస్, కొన్ని అడినోవైరస్‌లు, షిగెల్లా, ఈ-కోలై ఇంకా ఉన్నాయి. నోరోవైరస్‌కు నేటికీ టీకా లేదు. కాబట్టి కారణం ఏదైనా ఇంట్లో చేయవలసింది ఒకటే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, సగం సగం కాదు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ పట్టాలి. జింకు 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు ఆగినా సరే: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10. ఇవి రెండూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, ఆశా కార్యకర్త దగ్గరా ఉంటాయి. గంజి, మజ్జిగ పట్టవచ్చు, వయసు వచ్చిన బిడ్డకు అన్నం పెట్టవచ్చు. కడుపు మాడిస్తే విరేచనాలు కడతాయన్నది పెద్దల మాటల్లో ప్రాణాంతకమైనది. మాడు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, ఏమి తాగించినా నిలవకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇక ఇంట్లో ఉంచకూడదు.

పాస్టరుగారిని ప్రార్థనకు పిలిచే ఇళ్లు చాలా ఉన్నాయి. రమ్మనండి. చాలామంది కాపరులు బిడ్డను చూడగానే మొదట, ఆసుపత్రికి వెళ్లారా, ఏమి తాగించారు అని అడుగుతారు. అలా అడగని చోట సంఘ పెద్దలైనా, స్త్రీల సమాజం అక్కయ్యలైనా అడగాలి. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడం అవిశ్వాసం అనే మాట ఏ మందిరంలోనైనా వినిపిస్తే అక్కడే దాన్ని ఖండించాలి. బయటికొచ్చి గుసగుసలాడితే ఆ బిడ్డకు మేలు జరగదు. మన పరిశుద్ధ గ్రంథంలో ఒక సువార్త రాసినవాడు వైద్యుడని మనకు తెలుసు.

రోటావైరస్ చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడతాయి. మొదటి మోతాదు ఏడాది నిండేలోగా మొదలుకావాలి. ఏడాది దాటాక మొదలుపెట్టరు. మన సంఘాల్లో బాలింత నలభై రోజులు దాటాక బిడ్డను మందిరానికి తెచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తుంది. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. ఆ ఆదివారం బిడ్డను చేతుల్లోకి తీసుకున్నప్పుడు, టీకాల కార్డు తెచ్చావా అమ్మా, బుధవారం ఏఎన్‌ఎం వస్తుందా అని కాపరి ఒక్క మాట అడిగితే సరిపోతుంది.